మాలూరు, కోలారు ప్రాంతపు సైనిక చిత్రాలు, పత్రాల సేకరణ

కర్ణాటకలో కోలారు జిల్లాకు చెందిన మాలూరు, దాని చుట్టుపక్కల ఊళ్లకు సంబంధించిన యుద్ధకాలపు అచ్చు చిత్రాలు, పటాలు, సర్వే నివేదికలు, సైనికుల కాగితాలు సేకరణకర్తలు ఎంతో ఇష్టంగా వెదికే సామగ్రి. తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే ఈ నేల మైసూరు యుద్ధాల్లో సేనలు నడిచిన దారి. మైసూరు పాలకుడు హైదర్ అలీ బూదికోటలో పుట్టాడు; అతని తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారులో ఉంది. 1768లో ముళబాగిలు దగ్గర అతని సేనకూ ఈస్టిండియా కంపెనీ సేనకూ పోరు జరిగింది. 1791 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ మొగిలి కనుమ ఎక్కి, కోలారు, హోసకోట మీదుగా బెంగళూరు మీదికి వెళ్లాడు.

ఆ దండయాత్రను చిత్రించిన రాబర్ట్ హోమ్ మైసూరు దృశ్యాలు 1794లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఫిరంగి దళం లెఫ్టినెంట్ జేమ్స్ హంటర్ 1792లోనే చనిపోయినా, మాలూరుకు దక్షిణాన ఉన్న హోసూరుతో సహా అతను గీసిన దృశ్యాలను ఎడ్వర్డ్ ఓర్మ్ ఆ తర్వాత 40 ఆక్వాటింట్ (రాగి రేకు మీద ఆమ్లంతో చెక్కి అచ్చువేసే పద్ధతి) ఫలకాలుగా అచ్చువేశాడు. ఇలాంటి పుస్తకాలను విప్పి, బొమ్మలను విడివిడిగా అమ్మడం వ్యాపారంలో మామూలే. అలా విడిపోయిన బొమ్మకు దాని వివరణ దూరమవుతుంది. చరిత్రకు అది పెద్ద నష్టం. పైగా ఇవన్నీ గెలిచినవారి కంటితో చూసిన దృశ్యాలన్న సంగతి కొనేవారు మరవకూడదు.

అసలు ప్రతిని భూతద్దం పట్టిస్తుంది. ఆక్వాటింట్‌లో నీడలు క్రమం లేని సన్నని గరుకుగా కనిపిస్తాయి. నేటి ఆఫ్‌సెట్ నకలులో చుక్కలు వరుసలు కడతాయి. బొమ్మ చుట్టూ రాగి రేకు నొక్కిన గాడి ఉందేమో చూడాలి. అంచులు కత్తిరించిన ప్రతిలో అది పోయి ఉండవచ్చు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కొన్నిసార్లు కాగితం తయారీదారు వాట్‌మన్ పేరు, సంవత్సరం నీటిగుర్తుగా కనిపిస్తాయి. ఆ సంవత్సరం బొమ్మ కింది తేదీకి బాగా తరువాతిదైతే, అది మలిముద్రణ.

ఈ ప్రాంతపు కాగితాల్లో బొమ్మలకన్నా విలువైనది ఒక సైనికాధికారి నివేదిక. 33వ రెజిమెంటు లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో మైసూరు తూర్పు సరిహద్దు సర్వే చేస్తూ, ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతోందని విన్నాడు. ఊరివాళ్లు మట్టి కడిగి రేణువులు తీసి చూపారు. అచ్చయిన ఆ నివేదిక దశాబ్దాల తర్వాత మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడి కంటబడింది. 1873లో అతను తవ్వకాలకు అనుమతి కోరాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే గనుల సంస్థ రంగంలోకి దిగింది. 2001 ఫిబ్రవరి 28 దాకా సాగిన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ కథకు మొదటి పుట ఈ సర్వే కాగితమే. వారెన్ పనిచేసిన, 1799లో మొదలైన ఆ మైసూరు సర్వేకు అధిపతి కాలిన్ మెకంజీ. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు ఏలూరు వాడైన కావలి బొర్రయ్య. మెకంజీ సేకరించిన కైఫియత్తులు, అంటే స్థానిక చరిత్రలు, చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

ఇళ్లలో మిగిలిన డిశ్చార్జి పత్రాలు, పింఛను పుస్తకాలు, యుద్ధభూమి నుంచి వచ్చిన ఉత్తరాలూ ఈ కోవలోవే. 1918 సెప్టెంబరు 23న హైఫాలో పోరాడిన మైసూరు లాన్సర్ల అశ్వికదళం కాగితం ఒక్కటి దొరికినా అపురూపమే. వీటికి లామినేషన్, సెల్లోటేపు శత్రువులు. ఆమ్లం లేని కవరులో, ఎండ, తేమ తగలని చోట ఉంచాలి. ఎవరిది, ఏ ఊరిదన్న వివరం కవరు మీద పెన్సిల్‌తో రాయాలి.

సేకరణకు చట్టపు హద్దులూ ఉన్నాయి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళాఖండాలు, చారిత్రక విలువగల 75 ఏళ్ల నాటి రాతప్రతులు, పత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం.