వేట బూట్లు – వాసన జాడ

వేటగాడు నడిచిన దారిలో నేలమీద, గడ్డిమీద మిగిలే వాసనను వాసన జాడ అంటారు. పాదాల చెమట, చర్మపు పొట్టు, బూట్ల తోలు లేదా రబ్బరు, అడుగు కింద నలిగిన ఆకులు, కదిలిన మట్టి... ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి. నలిగిన ఆకు వాసనను ఏ బూటూ ఆపలేదు. మిగతావి మాత్రం కాలికి ఏం తొడిగారన్నదాన్ని బట్టి మారతాయి.

అప్పుడే పట్టిన చెమటకు పెద్దగా వాసన ఉండదు. పాదం మీది బాక్టీరియా అందులోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఐసోవలెరిక్ ఆమ్లంగా మార్చాకే కంపు మొదలవుతుంది. పాత తోలు బూటు ఈ వాసనను పీల్చుకుని ఉంటుంది.

ఈ విషయాన్ని పద్ధతిగా పరీక్షించిన తొలివారిలో డార్విన్ మిత్రుడు జార్జ్ రోమనీస్ ఒకరు. తన వేట కుక్కతో చేసిన ప్రయోగాలను ఆయన 1887లో ప్రచురించారు. అది సెట్టర్ జాతి ఆడకుక్క. ఆయన బూట్లు పరాయి మనిషి వేసుకుని నడిస్తే ఆ జాడ వెంట పరుగెత్తింది. పరాయి బూట్లు వేసుకుని యజమానే నడిస్తే పట్టించుకోలేదు. కొత్త బూట్ల జాడనూ వదిలేసింది. వట్టి కాళ్లతో నడిచినప్పుడు వెంబడించింది కానీ మునుపటి హుషారు లేదు. ఆ తర్వాత ఆయన పాత బూట్ల అడుగుకూ పక్కలకూ ప్యాకింగ్ కాగితం అంటించి నడిచారు. కుక్కకు జాడ దొరకలేదు. ఒకచోట మడమ దగ్గర కాగితం కాస్త అరిగి బూటు నేలకు తగిలింది. సరిగ్గా అక్కడే అది యజమాని జాడను గుర్తుపట్టింది. బూట్లను సోంపు నూనెలో నానబెట్టినా కుక్క మోసపోలేదు. మొదటి మూడు నాలుగు అడుగులను నిదానంగా వాసన చూసి, మామూలుగానే సాగిపోయింది. ఘాటైన వాసనతో మనిషి వాసనను కప్పేస్తామనే సరుకును నమ్మే ముందు ఈ ఒక్క ప్రయోగం తెలుసుకుంటే చాలు.

అయితే వేటజంతువు కుక్కలా మనిషిని వెతుక్కుంటూ రాదు, తప్పించుకోవడానికి పసిగడుతుంది. ఉత్తర అమెరికాలోని తెల్లతోక జింకకు గిట్టల మధ్య వాసన గ్రంథులుంటాయి. తోటి జింకల జాడ చదివే ఆ ముక్కుకు మనిషి జాడ కొత్తేమీ కాదు. అందుకే అక్కడి వేటగాళ్లు చాలామంది మోకాలిదాకా వచ్చే రబ్బరు బూట్లు వేస్తారు. రబ్బరు చెమటను బయటికి రానివ్వదు, గడ్డి ప్యాంటుకు రాసుకోకుండా చూస్తుంది. ఇది నేలమీది జాడకే పనికొస్తుంది. నోటినుంచీ ఒంటినుంచీ గాలిలోకి వెళ్లే వాసనకు బూటు అడ్డం కాదు. జింక ఎక్కువగా కనిపెట్టేది దాన్నే. ఉదయం ఎండెక్కే కొద్దీ గాలి వాలు మీదికి ఎగబాకుతుంది, సాయంత్రం చల్లబడి లోయలోకి దిగుతుంది. మాటు ఎక్కడ వేయాలో దీన్ని బట్టే చూసుకుంటారు.

రబ్బరుకూ లోపం ఉంది. లోపల గాలాడక కాలు విపరీతంగా చెమరుస్తుంది. వాటితోనే కారు నడిపి పెట్రోలు బంకులో దిగితే అడుగుకు ఇంధనం వాసన అంటుకుంటుంది. అందుకే జాగ్రత్త తెలిసినవారు వాటిని విడిగా తెచ్చుకుని అడవి అంచున తొడుక్కుంటారు.