గాలిపటం మోసిన తీగ

అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన తొలి రేడియో సంకేతం కథలో ఎక్కువ పేరు వచ్చింది ఇంగ్లండు తీరాన ఉన్న ట్రాన్స్‌మిటర్‌కు. అయితే ఆ సంకేతం నిజంగా వినిపించిందా అన్న వివాదం ఇప్పటికీ తెగకపోవడానికి ఒక ముఖ్య కారణం ఈవలి ఒడ్డున ఉంది: యాంటెన్నా తీగను నిలపడానికి స్థిరమైన ఆధారం లేకపోవడం.

కార్న్‌వాల్‌లోని పోల్ధూలో గూలియెల్మో మార్కోనీ మొదట 200 అడుగుల ఎత్తైన 20 స్తంభాలను వలయాకారంగా నిలబెట్టించాడు. స్తంభాల శిఖరాలను ఒకదానితో ఒకటి తాళ్ళతో కలిపారు. ఒకటి కూలితే మిగిలినవాటినీ లాగేసే ఈ అమరిక క్షేమం కాదని ఇంజనీరు వివ్యన్ అభ్యంతరం చెప్పినా వినలేదు. 1901 సెప్టెంబరు 17న గాలివాన అన్నిటినీ పడగొట్టింది. నవంబరులో అమెరికాలోని కేప్ కాడ్‌లో అదే నమూనాలో కట్టిన స్తంభాలకూ అదే గతి పట్టింది. పోల్ధూలో రెండు స్తంభాల మధ్య విసనకర్రలా తీగలు వేలాడదీసి పని నడిపించారు. ఆవలి కేంద్రానికి మాత్రం స్తంభాలు కట్టే వ్యవధి లేదు.

అందుకే మార్కోనీ ఇద్దరు సహాయకులతో, కొన్ని గాలిపటాలతో, బెలూన్లతో డిసెంబరు 6న సెయింట్ జాన్స్ చేరాడు. న్యూఫౌండ్‌లాండ్ అప్పటికి ప్రత్యేక బ్రిటిష్ వలస. కెనడాలో చేరింది 1949లో. రేవు పక్కనున్న సిగ్నల్ హిల్ మీద జింకు రేకులను భూమిలో పాతి ఎర్తింగు ఏర్పాటు చేశారు. డిసెంబరు 11న తీగను మోసిన బెలూను తెగి కొట్టుకుపోయింది. 12న మొదటి గాలిపటమూ పోయింది. రెండవది సుమారు 500 అడుగుల తీగను పైకి మోసింది.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. గాలిపటం ఊగినప్పుడల్లా తీగ ఎత్తు, భూమితో దాని విద్యుత్ కెపాసిటీ మారిపోయేవి. ఇలా మారే తీగకు శ్రుతి చేసిన రిసీవరును జతపరచడం అసాధ్యం. మార్కోనీ దాన్ని పక్కన పెట్టి, ఇటలీ నౌకాదళం నుంచి వచ్చిన పాదరసపు కోహీరరును టెలిఫోను రిసీవరుకు తగిలించాడు. ఇటువంటి పరికరానికి మూలం 1899లో జగదీశ్ చంద్ర బోస్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఉందని 1998లో ప్రొబీర్ బంద్యోపాధ్యాయ వాదించాడు. మధ్యాహ్నం 12:30కు, సుమారు 3,400 కిలోమీటర్ల దూరం నుంచి, ‘ఎస్’ అక్షరానికి గుర్తైన మూడు చుక్కలు వినబడ్డాయని మార్కోనీ ప్రకటించాడు. సాక్షి సహాయకుడు కెంప్ ఒక్కడే. కాగితపు పట్టీ మీద ఏ గుర్తూ పడలేదు.

మరుసటి ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఓడ మీద, స్థిరమైన కొయ్యలకు కట్టిన యాంటెన్నాతో, శ్రుతి చేసిన రిసీవరుతో మళ్ళీ పరీక్షించారు. రాత్రివేళ 2,099 మైళ్ళ దాకా సంకేతాలు కాగితపు పట్టీ మీదికి ఎక్కాయి. పగలు మాత్రం సుమారు 700 మైళ్ళకే ఆగిపోయాయి. సిగ్నల్ హిల్ మీద విన్నది పట్టపగలు కనుక, ఈ ఫలితం మార్కోనీ కీర్తిని పెంచుతూనే పాత సందేహాన్నీ పెంచింది.

న్యూఫౌండ్‌లాండ్‌లో టెలిగ్రాఫు గుత్తహక్కున్న కంపెనీ దావా వేస్తామని హెచ్చరించడంతో మార్కోనీ కెనడాకు తరలాడు. లారియే ప్రభుత్వం 80,000 డాలర్ల సాయం ప్రకటించింది. నోవా స్కోషియాలోని గ్లేస్ బే వద్ద 210 అడుగుల కొయ్య గోపురాలు నాలుగు లేచాయి. 1902 డిసెంబరులో అక్కడి నుంచి పోల్ధూకు పూర్తి సందేశమే వెళ్ళింది. అట్లాంటిక్ మీదుగా రేడియో నడుస్తుందన్న విషయంలో ఇక అనుమానానికి తావు లేకపోయింది. అనుమానం మిగిలింది గాలిపటం నాటి మూడు చుక్కల మీదే.

నేటి హ్యామ్ రేడియో ఔత్సాహికులు చెట్ల మధ్య పొడవాటి తీగ కట్టేటప్పుడు తరచుగా ఒక కొసను గిలక మీదుగా దింపి బరువు వేలాడదీస్తారు. చెట్టు ఊగితే బరువు లేచి దిగుతుంది. తీగ బిగువు మాత్రం దాదాపు మారదు. సిగ్నల్ హిల్ మీద ఆనాడు లోపించింది ఆ నిలకడే. అది లేనందువల్ల చరిత్రకు రాతపూర్వకమైన ఆధారానికి బదులు ఇద్దరు మనుషుల వినికిడి మాత్రమే మిగిలింది.