ఉప్పునీళ్లు విప్పిన నల్లపొరలు

మాంచెస్టర్, 2002. విశ్వవిద్యాలయంలో పరిశోధనకు కొత్తగా చేరిన డా జియాంగ్ ముందు ఒక గ్రాఫైట్ బిళ్ల ఉంది. మందం కొన్ని మిల్లీమీటర్లు. దాన్ని ఎంత పలుచన చేయగలిగితే అంత చేయమన్నాడు ఆచార్యుడు ఆండ్రీ గీమ్. జియాంగ్ అరగదీస్తూ పోయాడు. బిళ్ల తరిగి తరిగి గాజుపళ్లెం అడుగున చిన్న నలుసు మిగిలింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఇంకా 10 మైక్రాన్లుంది. అంటే దాదాపు 30 వేల పొరలు!

గ్రాఫైట్ అంటే పరాయి వస్తువేం కాదు, పెన్సిల్ ముల్లులో ఉండేదే. మిల్లీమీటరు మందంలో సుమారు 30 లక్షల పొరలుంటాయి. ఒక్కో పొరకు ఒకే ఒక్క కార్బన్ పరమాణువంత మందం. ఆ ఒంటిపొరే గ్రాఫీన్.

కొట్టి పలుచన చేయకూడదా? హైదరాబాదులో బహదూర్‌పురా నుంచి చార్మినార్ వైపు పోతే, పాతబస్తీ తరతరాలుగా ఎరిగిన వరఖ్ పని అదే. వెండి తునకను తోలు పొరల మధ్య పెట్టి సుత్తితో గంటల తరబడి కొట్టేవారు, అది మైక్రాన్ కన్నా పలుచని రేకయ్యేది. వెండి సాగుతుంది. గ్రాఫైట్ సాగదు, నలిగి పొడవుతుంది. దాన్ని పొర నుంచి పొరగా విడదీయాల్సిందే.

గీమ్, జియాంగ్ మాటలు పక్కనే పనిచేసుకుంటున్న ఒలెగ్ ష్క్‌ల్యారెవ్‌స్కీ చెవిన పడ్డాయి. ఆయన ఒక టేపు ముక్క తెచ్చి చూపించాడు. గ్రాఫైట్ పైభాగం శుభ్రం చేయడానికి అంటించి లాగిన టేపు అది. చెత్తబుట్టలోంచి తీశాడని చెబుతారు. దానికి అంటుకున్న రేకులు జియాంగ్ అరగదీసిన నలుసు కన్నా ఎంతో పలుచన. గీమ్ బృందంలోని కోన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ ఆ దారి పట్టుకున్నాడు. 2004 అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో పత్రం వచ్చింది. 2010లో గీమ్, నొవొసెలోవ్ ఇద్దరికీ నోబెల్.

కానీ టేపుతో వచ్చేది కంటికి ఆనని తునకలే. బ్యాటరీలకు, సిరాలకు, పూతలకు కావలసింది గ్రాములు, కిలోలు. ఆమ్లాలతో విడదీసే పద్ధతులున్నాయి కానీ, ఘాటైన ఆమ్లం పొరల్ని విప్పుతూనే వాటిని ఆక్సీకరించి పాడుచేస్తుంది. నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం ఇక్కడే మొదలవుతుంది.

2014. జర్మనీలోని మైంజ్ నగరం, మాక్స్ ప్లాంక్ పాలిమర్ పరిశోధన సంస్థ. ఖాలెద్ పర్వేజ్, షిన్‌లియాంగ్ ఫెంగ్, క్లౌస్ మ్యూలెన్ బృందం ఆమ్లానికి బదులు లవణం కలిపిన నీళ్లు తీసుకుంది. ఆ లవణం అమ్మోనియం సల్ఫేట్. మన రైతులు పొలంలో చల్లే ఎరువే! అందులో గ్రాఫైట్‌ను ముంచి 10 వోల్టుల కరెంటు ఇచ్చారు.

లోపల జరిగేది చూడండి. రెండు పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు. సల్ఫేట్ అయాన్ వెడల్పు 0.46. పట్టదు! అందుకే ముందు నీటి నుంచి పుట్టిన హైడ్రాక్సిల్ అయాన్లు గ్రాఫైట్ అంచుల మీద పడి వాటిని తెరుస్తాయి. ఆ సందులోంచి సల్ఫేట్ అయాన్లు నీటిని వెంటబెట్టుకుని దూరతాయి. అక్కడ సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్ లాంటి వాయువులు పుట్టి, బయటికి దారి లేక పొరల్ని లోపలి నుంచే తోస్తాయి. నిమిషాల్లో నల్లరేకులు నీళ్లలోకి రాలిపోతాయి. వాటిలో 85 శాతానికి పైగా మూడు పొరలకు మించలేదు. కొన్నిటి వెడల్పు 44 మైక్రాన్ల దాకా ఉంది. టేపు గ్రాఫీన్ ఉందని రుజువు చేసింది. దాన్ని నలుగురి చేతికీ అందేంతగా పండించే దారుల్లో ఒకటి చూపినవి ఈ ఉప్పునీళ్లు. ఆ గౌరవం వాటికి దక్కాలి.

ఈ పని ఖరీదైన గ్రాఫైట్‌తోనే చేయాలని లేదు. బహదూర్‌పురా గల్లీల్లో పాత సామాన్లవాళ్ల గోతాల్లోకి చేరే టార్చిలైటు సెల్లుల్లో నల్లకడ్డీ ఉంటుంది కదా, అలాంటి కడ్డీలతోనూ పరిశోధకులు గ్రాఫీన్ తీశారు. ఇది చదివి ఇంట్లో వంట ఉప్పుతో ప్రయత్నించబోయే కుర్రాళ్లకు ఒక మాట. అది సోడియం క్లోరైడ్. కరెంటు పారితే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. కాలేజీ ల్యాబులో, మేష్టారి ఎదుట, సల్ఫేట్ లవణంతోనే చేయండి.