పట్నంలో మాట ఎవరిది?

చోడవరం బజారు చుట్టూ ఉన్న చెరకు పల్లెల మీద, మాడుగుల వైపు నుంచి వచ్చే జనం మీద బతుకుతోంది. అయినా ఆ బజారు ఎలా ఉండాలో చెప్పే ఓటు వాళ్లకు లేదు. ఉమ్మడి విశాఖ జిల్లా పట్టణాల కథలో ఇది పాత అన్యాయమే.

భీమునిపట్నం 1861లోనే మునిసిపాలిటీ అయింది. తర్వాత ఎన్నికలు వచ్చినా, మద్రాసు ప్రెసిడెన్సీలో పురపాలక ఓటు ఆస్తిపరులకూ పన్ను కట్టేవాళ్లకే దక్కింది. 1933లో విశాఖ హార్బరు మొదలయ్యాక నగరం కూలీల రెక్కల మీద పెరిగింది. వాళ్లందరికీ ఓటు రావడానికి మాత్రం స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది.

1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా కదిలింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. హక్కు ఆంధ్రులందరిదీ అయింది, ఊళ్లు మాత్రం నిర్వాసితులవి పోయాయి. 64 గ్రామాల వాళ్లు భూములు వదులుకున్నారు. ఉద్యోగం కోసం నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు వాళ్లలో ఎందరో. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారాన్ని అమ్మాలని నిర్ణయించినప్పుడు నిర్వాసితులను గానీ కార్మికులను గానీ ఒక్క మాట అడగలేదు. నగరానికి పునాది వేసినవాళ్లను ఇంతకంటే చిన్నచూపు చూడటం ఉండదు.

ఓటున్నవాళ్లకైనా ఒరిగింది తక్కువే. పట్టణాల్లో ఐదేళ్లకోసారి ఎన్నికలు జరపాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినా, 2007 తర్వాత విశాఖ కార్పొరేషన్ ఎన్నికలు మళ్లీ 2021లోనే జరిగాయి. 2013లో కార్పొరేషన్‌లో కలిసిన అనకాపల్లి జనం తమ కార్పొరేటర్లను ఎన్నుకోవడానికి అప్పటిదాకా ఆగాల్సి వచ్చింది.

2014 వీధి వ్యాపారుల చట్టం దారి మార్చింది. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలని, అందులో మూడో వంతు మహిళలు ఉండాలని రాసింది. ఇక్కడ ఆస్తిని, చిరునామాను బట్టి కాక, చేసే పనిని బట్టి మాట దక్కింది.

చోడవరం సంగతి వేరు. 2011 జనగణన దాన్ని పట్టణంగా లెక్కించింది, కానీ అప్పటికి పాలన పంచాయతీదే. గ్రామసభలో ఊరి ఓటర్లందరూ కూర్చోవచ్చు. తట్ట పట్టుకుని పొరుగూళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకు అక్కడ చోటు లేదు. చోడవరం పెద్దలు రేపు బజారును సర్దాలనుకుంటే, ఎక్కడ కూర్చుంటారో ముందు ఆ ఆడవాళ్లనే అడగాలి.