బొమ్మలమ్మ గుట్ట నుంచి బొమ్మల పుస్తకం దాకా

గంగాధర మండలం కురిక్యాల శివారులో బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దిలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండమీద జైన మూర్తులను చెక్కించి, శాసనమూ వేయించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. పండితులకు అది శాసనం, ఊళ్లవాళ్లకు మాత్రం బొమ్మల గుట్ట. చదువురాని కన్ను ముందు బొమ్మనే పట్టుకుంటుంది.

పద్మశాలీల వాడలకు కూనపులివాళ్లు నకాషీ పటం తెచ్చి, పైనుంచి కిందికి విప్పుతూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఇటు ధర్మపురిలో శేషప్ప కవి నరసింహ శతకం పిల్లలకు నోటికి వచ్చేది. చూడటానికి పటం, వల్లించడానికి పద్యం ఉన్నాయి కానీ, తనంతట తాను పేజీ తిప్పుకొనే వీలు పిల్లవాడికి లేదు.

గ్రంథాలయోద్యమం వచ్చాక కూడా ఆ లోటు తీరలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం ఊరూరా పఠనాలయాలు పెట్టించాలని పూనుకుంది. సభ జరపాలంటే నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 కింద అనుమతి తెచ్చుకోవలసిన కాలమది. అటు కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య ఉద్యమం నడుపుతుంటే, కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిరిగాయి. ఎంత గొప్ప కృషి అయినా దాని గురి పెద్దవాళ్లే. తెల్లారగానే పత్రిక కోసం వచ్చే మనిషిని మనసులో పెట్టుకొని కట్టిన గదులవి. బెంచీలు, బల్లలు, బీరువాలు, అన్నీ ఆ ఎత్తుకే.

1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టం వచ్చింది. నేడు ఆస్తిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు గ్రంథాలయాలకు పోతోంది. అయినా పిల్లల పుస్తకాలు మాత్రం వేరే దార్లలో వచ్చాయి: 1947 నుంచి చందమామ, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన సోవియట్ బొమ్మల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయం. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పేరుతో ప్రాథమిక బడులకూ పుస్తకాలు చేరాయి. చేరి ఏం లాభం? సామాన్ల రిజిస్టరులో ఎక్కిన పుస్తకం పోతే సంజాయిషీ ఇచ్చుకోవలసింది టీచరే. అందుకే చాలాచోట్ల అవి తాళం వేసిన బీరువాలోనే ముసలివైపోయాయి. పిల్లలను పుస్తకానికి దూరం చేసింది పేదరికంకన్నా ఎక్కువగా ఈ రిజిస్టరు భయమేనని నా అనుమానం.

అసలు మార్పు గత రెండు దశాబ్దాలది. మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ, 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ పేజీకి ఒకటి రెండు వాక్యాలతో తెలుగు బొమ్మల పుస్తకాలు తెచ్చాయి. ఇలాంటి బొమ్మల పుస్తకాలతో గ్రంథాలయ పాఠం చెప్పడం ఇలా ఉంటుంది. నేషనల్ బుక్ ట్రస్టు వేసిన, మిక్కీ పటేల్ రాసి బొమ్మలు గీసిన రూప అనే ఏనుగు కథనే తీసుకోండి. టీచరమ్మ అట్ట చూపిస్తుంది. "ఇది ఎవరి కథ? రాసిందెవరు? బొమ్మలేసిందెవరు?" రెండూ ఒకే పేరని తెలియగానే ఒకడు, "అన్నీ ఆయననే చేసిండా మేడం!" అంటాడు. కర్త అనే సంగతి ఒకటో తరగతిలో అట్లా తెలిసిపోతుంది. తర్వాత పేజీ పైమూలన వేలు పెట్టి తిప్పడం, అరలోంచి పుస్తకం తీసినచోట స్కేలు గుచ్చి ఉంచడం, రంగు చుక్క చూసి అదే వరుసలో తిరిగి పెట్టడం. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ వర్గీకరణ సూత్రాలకు ఓనమాలు ఇవే.

2022 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టినప్పుడు బడుల్లో రోజూ చదివే పీరియడ్ వచ్చింది. పీరియడ్ రావడం తేలికే. బీరువా బదులు మోకాలెత్తు అరలు, గోడకు తాడు కట్టి వేలాడదీసిన పుస్తకాలు ఉన్న బడిలో ఆ పీరియడ్ ఒక తీరు, లేనిచోట ఇంకో తీరు. కొన్నిచోట్ల చిరిగిన పేజీలను జిగురు, సన్నకాగితం పట్టీలతో పిల్లలచేతే అతికిస్తున్నారు. ఆ పుస్తకాలనే పిల్లలు మళ్లీ మళ్లీ ఇంటికి పట్టుకుపోతున్నారు.