వేధింపులకు భయపడి చదువు మానొద్దు.. పోలీసులు ఫిర్యాదు తీసుకోకుంటే ఏం చేయాలి?

కాలేజీలో సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, బస్ పాస్ ఉంది. కానీ దారిలో ఒకడు రోజూ వెంటపడుతున్నాడని ఇంట్లోవాళ్లు అమ్మాయిని చదువు మాన్పిస్తే ఇవేవీ అక్కరకు రావు. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థినులపై ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. ప్రయాణం భద్రంగా ఉంటుందనుకుంటే చాలామంది మెరుగైన కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారు. ఐక్యరాజ్యసమితి 1994 మానవాభివృద్ధి నివేదిక ఆహారం, ఆరోగ్యంతో పాటు వ్యక్తిగత భద్రతనూ మానవ భద్రతలో చేర్చింది. అంటే పోలీస్ స్టేషన్‌లో మీ ఫిర్యాదు నమోదు కావడం కూడా మీకు అందాల్సిన సేవే.

వెంటనే ఎవరికి చెప్పాలి?

ఆపదలో ఉంటే 112కి ఫోన్ చేయండి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ కూడా ఉంది. తెలంగాణలో షీ టీమ్స్‌ను సంప్రదించవచ్చు.

వెంటపడటం నేరమేనా?

నేరమే. వద్దన్నా పదేపదే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కిందకు వస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా.

‘మా పరిధి కాదు’ అంటే?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఇలాంటి కేసుల్లో బాధితురాలు స్వయంగా ఫిర్యాదు చేస్తే మహిళా అధికారే నమోదు చేసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలుంది. ‘చూస్తాం’ అన్నారంటే, విచారణ మొదలైందో లేదో స్పష్టంగా అడగండి.

అసలు తీసుకోకపోతే?

• ఫిర్యాదును రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి.
• అక్కడా స్పందన లేకుంటే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.
• లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదని ఆగొద్దు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సహాయం ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

వేధించిన తేదీ, సమయం, చోటు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోండి. మెసేజ్‌లు, కాల్ వివరాలు డిలీట్ చేయొద్దు. ఫిర్యాదుకు అవే బలం.