కొర్రమీనుకు పేరెవరు పెట్టారు?

మా తుమ్మలపల్లె వైపు చెరువు నిండిందంటే అదొక పండగ. ఆ నీళ్లయినా ఎన్నాళ్లు? ఎండలు ముదిరేసరికి అడుగు బురద మిగులుతుంది. ఆ బురదలోనూ ప్రాణం పట్టుకుని ఉండేది కొర్రమీను.

బజారులో మట్టగిడసను చూపి "కొర్రమీను పిల్లనే మా, తీసుకో" అనేవాళ్లుంటారు కనుక ఆనవాళ్లు ముందే చెప్పేస్తాను. రెండింటివీ పాముతలలే. మట్టగిడస సాధారణంగా జానెడు, చాలావాటి ఒంటిమీద నల్లచుక్కలుంటాయి. కొర్రమీను మూరెడు దాటుతుంది, పక్కల చారలుంటాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే వీపుమీది పొడుగాటి రెక్కలో పుల్లలు లెక్కపెట్టండి. మట్టగిడసకు ముప్పై, కొర్రమీనుకు నలభై, అటూ ఇటూగా. చేపలమ్మ అంతసేపు ఊరుకుంటేనే సుమా!

ఈ రెండింటినీ శాస్త్రంలోకి ఎక్కించినవాడు బెర్లిన్ వైద్యుడు మార్కస్ బ్లాఖ్, 1793లో. ఆయన మన దేశం గడప తొక్కలేదు. తరంగంబాడి నుంచి జాన్ అనే పాద్రీ చేపలు పంపితే బల్లమీద పెట్టుకుని చూశాడు. తలమీది పెద్ద పొలుసులు చూసి గ్రీకులో 'పాముతల' అన్నాడు, ఒఫికెఫాలస్ అని. తర్వాత 1777లోనే స్కోపోలి పెట్టిన 'చన్నా' అన్న పేరు ముందుదని తేల్చి దాన్నే ఖాయం చేశారు. పెళ్లయిన పిల్లకు ఇంటిపేరు మార్చినట్టే, దాన్నడిగారా ఏమన్నానా!

చచ్చిన చేపలో చారలు కనిపిస్తాయి గాని, ఊపిరి కనిపించదు. కొర్రమీనుకు మొప్పల పైన నెత్తురు నిండిన పొరతో ఒక అర ఉంటుంది. పైకొచ్చి గాలి మింగి అందులో నింపుకుంటుంది. పైకి రానివ్వకపోతే, చేప అయ్యుండీ, నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చారెడు నీళ్ల తొట్టిలో ప్రాణాలతో అమ్మగలుగుతున్నది ఆ అర వల్లనే.

మన చేపలను ఇక్కడే ఉండి చూసినవాడు మద్రాసు సైన్యపు వైద్యుడు ఫ్రాన్సిస్ డే. ఆయన పెద్ద గ్రంథం లండన్‌లో 1875-78 మధ్య భాగాలుగా వెలువడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన సీమలో ధాత కరువు. అక్కడ కొర్రమీను బొమ్మ అచ్చవుతుంటే ఇక్కడ కడప, కర్నూలు పల్లెల్లో చెరువులెండి, జనం సర్కారు గంజి కోసం బారులు తీరారు.

వానలు పడి చెరువులో నీళ్లు చేరితే మిగిలిన జంట గడ్డి పక్కకు నెట్టి గుడ్లు పెడుతుంది. అవి నీటిమీద తేలతాయి. కాపలా తండ్రిది. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకొచ్చి గాలి మింగుతుంటే కిందే తిరుగుతుంటాడు. ఆ గుంపు కనబడిన చోట గాలం వేస్తే దొరికేది ఆయనే. పిల్లలు కప్పల పాలు, కొంగల పాలు. అందుకే ఆ నెలల్లో మా ఇంట్లో కొర్రమీను వండను. మా ఆయన సణిగినా సరే.